థైరాయిడ్, పీసీఓఎస్ ఉండగా స్లీవ్ చేయించుకున్నాను: పది వారాలుగా బరువు 88 దగ్గరే ఆగిపోయింది

గోరింట (గుంటూరు), మొదటి టపా

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 34 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. 22వ ఏట థైరాయిడ్ గ్రంథి మందగించిందని, 25వ ఏట పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందని తేలింది. పెళ్లయ్యాక బరువు ఏటేటా పెరుగుతూ 112 కిలోలకు చేరింది. నడక, ఉపవాసాలు, డబ్బాల్లో అమ్మే పొడులు అన్నీ అయ్యాక, కిందటి కార్తీకం వెళ్లిన వెంటనే పొట్టలో చాలా భాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. మొదటి ఆరున్నర నెలల్లో 24 కిలోలు తగ్గాను. ఆ తరువాత పది వారాలుగా ముల్లు 88 దగ్గరే నిలిచిపోయింది.

ఆపరేషన్‌కు ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగించే కొద్దీ పెరిగే రక్తపరీక్ష అంకె) 2.6 ఉండేది, ఇప్పుడు 9.4 అయింది. థైరాయిడ్ మాత్ర అప్పుడూ ఇప్పుడూ 125 మైక్రోగ్రాములే. మా ఊరి డాక్టరుగారు 150 చేద్దామంటున్నారు. ఉదయం ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర, ఛాతీలో మంటకు ఇచ్చిన పాంటోప్రజోల్ కలిపి వేసుకుంటాను. ఆరు గంటలకు పాల కాఫీ తాగుతాను. ఏడింటికి కాల్షియం, ఐరన్, విటమిన్ మాత్రలు వేసుకుంటాను. జుట్టు దువ్వెన నిండా రాలుతుంటే బయోటిన్ అనే విటమిన్ కూడా మొదలుపెట్టాను. తిండి విషయానికొస్తే ఉదయం ఒక ఇడ్లీ, పదకొండింటికి కాఫీతో రెండు బిస్కట్లు, మధ్యాహ్నం నాలుగు చెంచాల అన్నంలో పప్పుచారు, సాయంత్రం బెల్లం వేసిన రాగి జావ, రాత్రి ఒక చపాతీ. ఇంతకంటే తగ్గించి తినడం నా వల్ల కావడం లేదు.

నా హార్మోన్ల జబ్బే ఆపరేషన్‌ను వమ్ము చేస్తోందా? ఇంట్లో ఎవరూ పైకి ఏమీ అనరు గానీ, ఇంత ఖర్చు పెట్టించి చివరికి ఇంతేనా అన్న మాట వాళ్ల చూపుల్లో నాకు వినబడుతోంది.

పాలకంకి (వరంగల్)

అమ్మా, మా చెల్లెలిదీ ఇదే కథ. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేసినా మిగతావాళ్లంత తగ్గరని మాకు తెలిసినవాళ్లందరూ చెప్పారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి కదా, వాటి గురించి అడిగి చూడండి. తిండి ఇంకాస్త తగ్గించి, రాత్రిపూట జావతో సరిపెట్టుకోవడం కూడా మంచిదేమో.

మందుల అంగడి (కరీంనగర్)

గోరింట గారూ, నేను పందొమ్మిదేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మాసిస్టును. మోతాదు నిర్ణయించేది మీ డాక్టరుగారే. అయితే మీరు రాసిన మందుల వేళలు చదవగానే, మోతాదు పెంచే ముందు ఆయన దృష్టికి తీసుకెళ్లవలసిన విషయాలు నాకు నాలుగు కనిపించాయి.

థైరాయిడ్ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ చిన్నపేగులో రక్తంలోకి చేరుతుంది. అయితే అంతకు ముందు అది పొట్టలోని ఆమ్లంలో బాగా కరగాలి. స్లీవ్‌లో పొట్టలో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసేస్తారు కాబట్టి ఆమ్లం ఊరే గోడే చిన్నదైపోతుంది. ఆ ఊరే కాస్త ఆమ్లాన్ని కూడా పాంటోప్రజోల్ అణిచేస్తుంది. దాని ప్రభావం రోజంతా ఉంటుంది గనుక రెండు మాత్రల మధ్య గంటో రెండు గంటలో తేడా పెట్టినంత మాత్రాన ఇబ్బంది పూర్తిగా పోదు. అలాగని మీకు మీరే దాన్ని మానేయకండి. స్లీవ్ తరువాత ఆమ్లం పైకి తన్నడం చాలామందిలో ఉంటుంది. ఆ మందు ఇంకా అవసరమో కాదో మీ సర్జన్ చూసి చెప్పాలి.

రెండోది కాఫీ. మాత్రకూ కాఫీకీ మధ్య కనీసం గంట ఉండాలి. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, కాల్షియం, ఐరన్ మాత్రలు. ఇవి లెవోథైరాక్సిన్‌ను పేగులోనే పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు కాబట్టి నాలుగు గంటల ఎడం తప్పనిసరి. మీరు గంటన్నరే ఇస్తున్నారు. పైగా కాల్షియం, ఐరన్ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, వాటి మధ్య కూడా రెండు గంటలుండాలి. కాల్షియం కార్బొనేట్ అయితే అది కరగడానికీ ఆమ్లమే కావాలి. అందుకే ఈ ఆపరేషన్ల తరువాత సిట్రేట్ రూపంలోని కాల్షియం ఇస్తారు. మీ సీసా మీద ఏముందో ఒకసారి చదవండి.

నాలుగోది బయోటిన్. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల రక్తపరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. ఆ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరిక చేసింది. మీకు కాగితం మీద 9.4 కనిపిస్తున్నా అసలు విలువ ఇంకా ఎక్కువే ఉండవచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి, ఎన్ని రోజులన్నది ల్యాబువారినీ డాక్టరుగారినీ అడగండి.

ఇంకొక మాట. వేళలన్నీ సరిచేసుకుంటూనే మోతాదునూ పెంచితే, మాత్ర ఒక్కసారిగా పూర్తిగా ఒంటపట్టి గుండెదడ, చేతుల వణుకు రావచ్చు. అందుకే రెండూ ఒకేసారి చేయవద్దని నా అభిప్రాయం. ఈ వివరమంతా కాగితం మీద రాసి డాక్టరుగారి ముందు పెట్టండి, ఆయన నిర్ణయిస్తారు.

చద్దిమూట (హైదరాబాద్)

నేను డైటీషియన్‌ను. ముందుగా పాలకంకి గారి మాటకు సమాధానం చెప్పాలి, ఎందుకంటే ఈ నమ్మకం చాలామంది ఆడపిల్లల ధైర్యాన్ని మొదట్లోనే చంపేస్తోంది. పీసీఓఎస్ ఉన్నవారూ లేనివారూ ఈ ఆపరేషన్ల తరువాత దాదాపు ఒకేలా బరువు తగ్గుతారని పలు అధ్యయనాలు చూపించాయి. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగే బరువు కూడా సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే, అందులోనూ చాలా భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. కాబట్టి టీఎస్‌హెచ్ సరిదిద్దుకోవడం అత్యవసరమే గానీ, అది సరికాగానే ముల్లు జారిపోతుందని ఆశపెట్టుకుంటే మళ్లీ నిరాశే ఎదురవుతుంది.

ఆపరేషన్ విఫలమైందా అన్నారు. మీ 112 కిలోల్లో 24 తగ్గాయంటే మొత్తం బరువులో 21 శాతం పైనే. స్లీవ్‌తో సగటున నాలుగో వంతు తగ్గుతుంది, అదీ ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యకు. మీకు ఇంకా తొమ్మిది నెలలే అయింది. బరువు మెట్లు దిగినట్టు దిగుతుంది, కొన్ని మెట్ల మీద ఎక్కువసేపు నిలబడుతుంది.

ఇప్పుడు తిండి. మీరు తక్కువ తింటున్నారన్నది నిజమే. కానీ మీ రోజంతా కలిపి మాంసకృత్తులు ముప్పై గ్రాములు కూడా దాటడం లేదని నా అంచనా. ఈ ఆపరేషన్ అయినవారికి రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. అవి అందకపోతే శరీరం కండను కరిగిస్తుంది, కండ తగ్గితే ఒళ్లు ఖర్చు చేసే శక్తీ తగ్గుతుంది, బరువు అక్కడే ఆగుతుంది. బెల్లం జావ, కాఫీ, బిస్కట్, పప్పుచారులో నానిన మెత్తని అన్నం చిన్న పొట్టలో నిలవకుండా జారిపోతాయి, గంటకే మళ్లీ ఏదో ఒకటి కావాలనిపిస్తుంది. మన ఇళ్లలో ఒంట్లో బాగాలేనివాళ్లకు జావ పోయడం ప్రేమకు గుర్తు, ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో అది సరైనదే. తొమ్మిదో నెలలో కాదు. ఇంకా తగ్గించి తినమన్న సలహా దయచేసి పాటించకండి.

ముందుగా మాంసకృత్తులున్న పదార్థం తిని, తరువాత కూర, చోటు మిగిలితేనే అన్నం. రెండు గుడ్లలో 12 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18, ఓ మోస్తరు చేప ముక్కలో 15, గుప్పెడు మీల్‌మేకర్‌లో, అంటే ఎండువి 30 గ్రాముల్లో, మరో 15 వస్తాయి. ఇవన్నీ రోజంతా సర్దుకుంటే 60కి చేరతారు. సోయా కూడా థైరాయిడ్ మాత్రను అడ్డుకుంటుంది కాబట్టి మీల్‌మేకర్ మధ్యాహ్నానికే ఉంచండి. పప్పు పలుచని చారుగా కాక ముద్దపప్పుగా తినండి. ఉడికించిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయవలసిన అవసరం లేదు. ముద్ద ముద్దకూ నీళ్లు తాగే అలవాటు మనకుంది, దాన్ని మాత్రం వదులుకోవాలి. తిన్న అరగంట తరువాతే నీళ్లు.

జుట్టు గురించి కూడా. ఆపరేషన్ తరువాత మూడు నుంచి ఆరు నెలల మధ్య రాలడం మామూలే. తొమ్మిదో నెలలోనూ దువ్వెన నిండుతోందంటే ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డి చూపించుకోండి. వాటిలో లోటుంటే బయోటిన్ వల్ల ఒరిగేదేమీ ఉండదు.

దూరతీరం (డాలస్)

గోరింటా, నీకంటే పదేళ్లు పెద్దదాన్ని కాబట్టి చెల్లీ అని పిలుస్తాను. మాది తెనాలి. నాకూ పీసీఓఎస్, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, ఎనిమిదేళ్ల కిందట బరువు తగ్గడానికి పొట్ట బైపాస్ చేయించుకున్నాను. బైపాస్‌లో తిండి పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది, ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటపట్టేది ఆ భాగంలోనే. అందుకే నాకు లోపాలు మరీ త్వరగా వచ్చాయి. నా డాక్టరు మామూలు థైరాయిడ్ మాత్ర బదులు ద్రవం నిండిన మెత్తని గొట్టం మాత్ర రాశాక, మోతాదు మార్చకుండానే టీఎస్‌హెచ్ దారికొచ్చింది. అది అంతగా ఆమ్లం మీద ఆధారపడదని చెప్పారు.

కానీ నేను ముఖ్యంగా రాయాలనుకున్నది వేరే. నీకు నెలసరి ఎలా ఉందో రాయలేదు. నాకు నాలుగేళ్లుగా మందు వేస్తే తప్ప రానిది, ఆపరేషన్ అయిన మూడో నెలలో దానంతటదే వచ్చింది. బరువు తగ్గి ఇన్సులిన్ అదుపులోకొస్తే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. లండన్‌లో 80 మంది పీసీఓఎస్ ఉన్న స్త్రీలపై జరిగిన బాంబినీ అధ్యయనం 2024లో వెలువడింది. మందులు వాడినవారికంటే ఆపరేషన్ చేయించుకున్నవారిలో అండం విడుదల రెండున్నర రెట్లు ఎక్కువగా జరిగిందని అందులో తేలింది. పిల్లలు పుట్టరని పదేళ్లు విన్న మనిషికి గర్భం రావచ్చన్న ఆలోచనే రాదు. నాకూ రాలేదు. ఆపరేషన్ అయిన ఏడో నెలలో నిలిచింది, పదకొండో వారంలో పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేదు. అప్పుడు నా రక్తహీనత తీవ్రంగా ఉందన్నది మాత్రం నిజం. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోమని ఎందుకంటారో నాకు అప్పుడు అర్థమైంది. బైపాస్ తరువాత నోటి మాత్రలను నమ్ముకోవద్దని, వేరే పద్ధతి ఎంచుకోమని మా గైనకాలజిస్టు చెప్పారు. నువ్వు మీ వారితో కలిసి వెళ్లి ఈ మాట ముందే మాట్లాడుకో. పిల్లల కోసం ప్రయత్నించే సమయానికి టీఎస్‌హెచ్ సాధారణంగా 2.5 లోపు ఉంచాలని చూస్తారు. ఇప్పుడు దాన్ని సరిచేసుకోవడం రేపు ఆ బిడ్డకూ పనికొస్తుంది.

గోరింట (గుంటూరు)

అక్కా, మీ టపా రెండుసార్లు చదివాను. నెలసరి నాకూ అయిదో నెల నుంచి తిరిగి వస్తోంది, చాలా ఎక్కువగా పోతోంది. ఇన్నేళ్లకు వచ్చిందన్న సంతోషంలో, ఎంత పోతోందన్నది నేను లెక్కలోకే తీసుకోలేదు. మందుల అంగడి గారూ, సీసా మీద కాల్షియం కార్బొనేట్ అనే ఉంది. మీరు చెప్పినట్టే అన్నీ కాగితం మీద రాసుకున్నాను, శుక్రవారం పెద్ద డాక్టరును కలుస్తున్నాను.

తూరుపు గాలి (విశాఖపట్నం)

గోరింట గారికి ఇది వర్తిస్తుందని కాదు గానీ, ఈ చర్చ చదివే మరొకరికి పనికిరావచ్చని రాస్తున్నాను. నేను ఆరేళ్ల కిందట స్లీవ్ చేయించుకున్నాను. ఏడాదిలో 18 కిలోలు తగ్గి, రెండో ఏడాదిలో 15 కిలోలు తిరిగి పెరిగాను. నోరు కట్టుకోవడం లేదన్నారు, నడవడం లేదన్నారు, నేను కూడా అదే నమ్మాను. కానీ బరువు పొట్ట మీద, మెడ వెనకే చేరుతూ కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. నేల మీద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవలేకపోయేవాణ్ని. తలుపు తగిలితే చాలు చర్మం కమిలిపోయేది. పొట్ట మీద వేలి వెడల్పున ఊదారంగు చారలు వచ్చాయి. రక్తపోటుకు మూడు మందులు వాడినా తగ్గలేదు.

చివరికి ఒక ఎండోక్రినాలజిస్టు నన్ను మంచం మీద పడుకోబెట్టి చారలు చూసి, రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని ఉదయం ఎనిమిదింటికి కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) పరీక్ష చేయించమన్నారు. మామూలుగా అది డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుకు పడిపోవాలి. నాకు 14 వచ్చింది. మెదడు కింది పీయూష గ్రంథిలో చిన్న కంతి ఉంది, దాని వల్లే కుషింగ్ సిండ్రోమ్, అంటే ఒంట్లో కార్టిసాల్ అతిగా ఊరే జబ్బు. ముక్కు గుండా తీశారు. ఇది అరుదైన జబ్బు, బరువు ఆగిన ప్రతివారూ ఈ పరీక్షకు పరుగెత్తవలసిన పని లేదు. కానీ కండ బలహీనత, కమిలిపోవడం, వెడల్పాటి ఊదా చారలు కలిసి కనిపిస్తే మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపి డాక్టరుకు చూపించండి. చారలు వచ్చిన మొదట్లోనే ఎవరైనా నా పొట్టను ఒకసారి శ్రద్ధగా చూసి ఉంటే నాలుగేళ్లు మిగిలేవన్న బాధ నాకు ఇంకా పోలేదు.

పాలకంకి (వరంగల్)

నేను విన్న మాటనే నిజమనుకుని రాశాను, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. మా చెల్లెలిని ఈ చర్చ మొత్తం చదవమన్నాను. తను కూడా థైరాయిడ్ మాత్ర, కాల్షియం ఒకే గుక్కలో మింగుతోంది. ఇంజెక్షన్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

చద్దిమూట (హైదరాబాద్)

ఆపరేషన్ తరువాత బరువు తిరిగి పెరిగినవారికి సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే ఆ ఇంజెక్షన్లను డాక్టర్లు ఇస్తున్నారు, ఉపయోగమూ ఉంటోంది. అయితే అవి ఆకలిని ఇంకా తగ్గిస్తాయి. ఇప్పటికే మాంసకృత్తులు సగం కూడా అందని మనిషికి ఆకలి మరింత తగ్గితే కండే పోతుంది. కాబట్టి ముందు తిండి, మాత్ర, రక్తలోపాలు సరిచేసుకుని, అప్పటికీ ఆగిపోతే అడగవలసిన ప్రశ్న అది. మామూలు థైరాయిడ్ మందగింపు ఉన్నవారికి వీటిపై నిషేధం లేదు. తమకు గానీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం వాడకూడదు.

గోరింట (గుంటూరు), పది వారాల తరువాత

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పరీక్షల ఫలితాలు చేతికి వచ్చాకే రాయాలనుకున్నాను.

పెద్ద డాక్టరుగారు నా కాగితం చదివి, మోతాదు పెంచకుండా ముందు వేళలు మార్చి చూద్దామన్నారు. సర్జన్ ఎండోస్కోపీ చేసి, పుండు లేదని నిర్ధారించుకుని, పాంటోప్రజోల్‌ను మూడు వారాల్లో మెల్లగా మాన్పించారు. ఇప్పుడు ఉదయం అయిదింటికి ఒట్టి నీళ్లతో థైరాయిడ్ మాత్ర, ఆరున్నరకు కాఫీ, పదకొండింటికి ఐరన్, సాయంత్రం నాలుగింటికీ రాత్రి తొమ్మిదింటికీ కాల్షియం సిట్రేట్. బయోటిన్ మానేశాను. ఫెర్రిటిన్ 6 మాత్రమే ఉందని తేలి, రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కించారు. ఆ తరువాత మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. ఆయాసం బరువు వల్లే అనుకుంటూ ఇన్ని నెలలు ఓర్చుకున్నాను.

టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. బరువు 84.6. మూడున్నర కిలోలే కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం మొన్న దసరాకు బావి దగ్గర నుంచి రెండు బిందెలు మోసుకొచ్చినప్పుడు ఒంట్లో బలం తెలిసింది. పిల్లల విషయం వచ్చే వేసవి దాటాక చూద్దామని మావారూ నేనూ కలిసి నిర్ణయించుకున్నాం, గైనకాలజిస్టు లూప్ వేశారు. అక్కా, ఈ మాట మొదట మీకే చెప్పాలనుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. కార్తీక సోమవారాలు వస్తున్నాయి. మా అత్తగారితో పాటు పగలంతా ఉపవాసముండి నక్షత్రం చూశాక భోంచేయడం మా ఇంటి ఆచారం. ఉండవచ్చా?

మందుల అంగడి (కరీంనగర్)

మాత్ర నీళ్లతోనే కనుక అది ఆపకండి. ఇంకొక మాట, బరువు తగ్గుతున్న కొద్దీ అవసరమయ్యే మోతాదు కూడా తగ్గవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోండి. ఈలోపు దడ, నిద్రలేమి, చెమటలు వస్తే ఆగకుండా వెళ్లండి.

చద్దిమూట (హైదరాబాద్)

పగలంతా నీళ్లు కూడా తాగకుండా ఉండి, రోజుకు కావలసిన మాంసకృత్తులూ నీళ్లూ ఒక్క రాత్రి భోజనంలో సర్దుకోవడం మీ పొట్టకు సాధ్యం కాదు. ఖాళీ కడుపున చలిమిడి, పానకం వంటి తీపి తీసుకుంటే దడ, చెమటలు పట్టే అవకాశమూ ఉంది. ఈ ఏడాదికి అన్నం మాత్రం రాత్రికి ఉంచి, పగలు పాలు, చిక్కని పెరుగు, పనీర్ తీసుకునే పద్ధతికి అత్తగారు ఒప్పుకుంటారేమో అడగండి.

గోరింట (గుంటూరు)

అడిగానండి. పాలూ పెరుగూ శివుడికి అభిషేకం చేసేవే కదా, వాటికి ఉపవాసం చెడదని ఆవిడే అన్నారు. మొదటి సోమవారానికి పనీరు ఇంట్లోనే విరగ్గొడతానన్నారు. తరువాతి రక్తపరీక్ష పుష్యమాసంలో, ఫలితం ఇక్కడే రాస్తాను.